ట్యాంకులోకి ఎవరూ దిగలేదు

మా అత్తగారు మొండిఘటం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మొండితనానికి నేను ఏడ్చిన ఏడుపు పగవాళ్ళకి కూడా వద్దు.

ఆవిడ ఉద్యోగం నూనె ఫ్యాక్టరీలో, ఏసీ గదిలో. ప్రత్యేకమైన కళ్ళద్దాలు పెట్టుకుని, చేతులకు గ్లౌజులు తొడుక్కుంటే, ఎదుట ఖాళీ బల్ల మీద ట్యాంకు లోపలంతా బొమ్మకట్టినట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఆవిడ చెయ్యి చాపితే అక్కడ ట్యాంకులో రోబో చెయ్యి చాపుతుంది. అడుగున పేరుకున్న మడ్డిని గోకుతుంది. ఒకప్పుడు ఆ పని మామగారు స్వయంగా దిగి చేసేవారు. ఆ మడ్డి నుంచి వచ్చే గ్యాసు పీల్చీ పీల్చీ ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే చాలు, ఆయాసం.

"గాల్లో చేతులూపితే జీతమిస్తున్నారు. మా రోజుల్లో ఈ భోగమేదీ?" అని ఆవిణ్ణి దెప్పుతూనే ఉంటారు. కానీ ఆవిడ ఇల్లు చేరగానే అడిగేది మాత్రం ఒకటే.

"ఎవరైనా దిగారా?"

లేదంటేనే ఆవిడ ఇచ్చిన టీ తాగుతారు.

మొన్న రోబో కుడిచెయ్యి లోపలి పైపు సందులో ఇరుక్కుంది. ముందుకూ రాదు, వెనక్కూ పోదు. రోబో మొరాయిస్తే దిగాల్సిన వంతు అదే ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయనది. నడుముకు తాడు కట్టించుకుని ట్యాంకు మూత దగ్గర నిలబడ్డారట.

"మీవాణ్ణి దింపి తీయిద్దామమ్మా" అన్నాడు మేనేజరు.

అత్తగారు కళ్ళద్దాలు తియ్యలేదు. "ఆ చెయ్యి ఊడదీసేస్తాను."

"కొత్త చెయ్యమ్మా అది. మడ్డిలో పడితే ఇక పనికిరాదు. పైవాళ్ళకి నేనేం చెప్పుకోను?"

"నేను ఊడదీశానని చెప్పండి."

ఎడంచేత్తో తన కుడిభుజం పట్టుకుని మెలితిప్పారు. లోపల రోబో కూడా అలాగే తిప్పుకుంది. చెయ్యి అక్కడే వదిలేసి ఒంటిచేత్తో బయటికొచ్చింది. మేనేజరు మండిపడి, కబురు చేసేదాకా పనికి రావద్దన్నాడు.

సాయంత్రం తల్లీకొడుకులు కలిసే ఇంటికొచ్చారు.

"ఎవరైనా దిగారా?" అన్నారు మామగారు.

"లేదు. వీణ్ణి దింపబోయారు. నేను దిగనివ్వలేదు."

మామగారు చాలాసేపు కొడుకు వంకే చూశారు. తర్వాత గోడ పట్టుకుని లేచి, ఆయాసపడుతూనే వంటింట్లోకి వెళ్ళారు. నేను లేవబోతే చేత్తోనే వద్దన్నారు. టీ పెట్టి తెచ్చి ఆవిడ చేతికిచ్చారు.

పంచదార వెయ్యడం మరిచిపోయారు. నేనేం చేసినా వంకపెట్టే మా అత్తగారు ఒక్క మాట అనకుండా గ్లాసు ఖాళీ చేశారు.