నేను తిప్పిన పాదాలు

నాలుగేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బడిలో పిల్లలకు నిజం చెప్పమని చెప్పే రోజుల్లో అది మరీ బరువెక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అరకు దగ్గర ఒక కొండ ఊళ్ళో టీచర్ని. బుదరి పిన్ని ఇంట్లో ఒక గదిలో ఉంటాను. భర్త పోయాక పిన్ని తన కాఫీ తోట తనే చూసుకుంటోంది. రోజూ పొద్దున్నే రెండు గ్లాసుల్లో కాఫీ పోస్తుంది. ఒకటి తాగుతుంది. రెండోది చల్లారాక మిరియాల పాదులో ఒంపేస్తుంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అడగకుండానే ఆమె మీద నవల రాశాను.

అందులో దుఃఖం అనే మాట ఒక్కసారి కూడా వాడలేదు. రెండో గ్లాసే అంతా చెబుతుందని నమ్మకం. నమ్మకమా, గర్వమా? గర్వమే. ఫోన్‌లో కథలు వేసే ఒక యాప్‌కి పంపాను. ఎడిటరమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. బాగుందంది. కానీ ఏమీ జరగడం లేదంది. ఇప్పుడు హారర్ బాగా నడుస్తోందని, అందులోనూ ఆడదయ్యమైతే ఇంకా చదువుతారని చెప్పింది. చివర్లో, ఇంతకీ ఆ రెండో గ్లాసు ఎవరు తాగుతారు మేడమ్ అని అడిగింది.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, సాయంత్రం దాకా. తర్వాత కూర్చుని పిన్నిని చంపేశాను. పాదాలు వెనక్కి తిప్పాను. పేరు మార్చాను గానీ, వాతావరణం సహజంగా ఉండాలని నీలం రంగు ఇల్లు, గుమ్మం పక్కన పనస చెట్టు, బొర్రా గుహల నుంచి వచ్చే దారిలో ఆ మలుపు, అన్నీ అలాగే ఉంచాను. వివరాల మీద నాకున్న శ్రద్ధంతా పాఠకులకు దారి చెప్పడానికి పనికొచ్చింది.

గుహలు చూసినవాళ్ళు ఇటు రావడం మొదలుపెట్టారు. మంచినీళ్ళు అడిగేవారు. పిన్ని కాళ్ళు చూసేవారు. కొందరికి ఊరట, కొందరికి నిరాశ. ఒకరోజు పిన్ని నన్నే అడిగింది.

“టీచరమ్మా, వచ్చినోళ్ళందరూ నా కాళ్ళేపే సూత్తన్నారు. ఏటయ్యింది నా కాళ్ళకి?”

“మీ కడియాలు బాగున్నాయట పిన్నీ.”

“ఇవా? మాయమ్మవి.”

ఎంత సంతోషపడిందో. మర్నాటి నుంచి పాదాలకు పసుపు రాసుకుని, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. శవం కాళ్ళకు రాసినట్టున్న ఆ పసుపు చూసి ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఏడుస్తూ కారెక్కారు. నేను గదిలోకెళ్ళి నోరు మూసుకుని నవ్వాను. అది కూడా ఒప్పుకోవాలి కదా. నవ్వి, రెండో భాగం రాశాను.

ఆ ఏడాది కాఫీ పళ్ళ కోతకు పక్క ఊరి ఆడవాళ్ళు రాలేదు. వాళ్ళ పిల్లలు ఫోన్లలో కథ చదివారు. ఆ ఊళ్ళో ఉండే తన వదినతో ఎప్పుడో మాట తూలినందుకే ఆమె తన ఊరివాళ్ళను రానివ్వడం లేదని పిన్ని అనుకుంది. కొండ దిగి వెళ్ళి, చెయ్యని తప్పుకు ఆమెకు క్షమాపణ చెప్పుకుని వచ్చింది. తప్పు చేసినదాన్ని నేను, ఇంట్లోనే ఉన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? బుట్ట పట్టుకుని తోటలోకి వెళ్ళాను. సెలవు రోజులన్నీ పళ్ళు కోశాను. సగం అప్పటికే కొమ్మల మీద నల్లగా ఎండిపోయాయి. ఇంత మంచి టీచరమ్మ ఏ ఊరికీ దొరకదని పిన్ని అందరికీ చెప్పింది. నేను వద్దనలేదు.

తర్వాత కథ తీసేయించాను. అప్పటికే ఎవరెవరో గొంతులు పెట్టి వీడియోలు చేశారు. పిన్నికి చదువు రాదు. నాలుగేళ్ళుగా నా ధైర్యమంతా అదే.

ఇన్నాళ్ళూ ఏదీ సూటిగా చెప్పకపోవడమే గొప్ప అనుకున్నాను. ఇప్పుడు సూటిగా చెబుతున్నాను. బుదరి పిన్ని బతికే ఉంది. ఆ దయ్యాన్ని రాసింది నేనే.