చేదు ఆగని ఏడు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద ఆకు రసాలమ్మే బండి ఒకటి ఉంటుంది. పొద్దున ఆ పక్కనుంచి నడిస్తే దంచిన తిప్పతీగ పచ్చి వాసన తగిలి, నాలుక మీద చేదు దానంతటదే ఊరుతుంది.

చిన్నప్పుడు ఎల్బీనగర్‌లో మా కిరాయి ఇంటి గోడ నిండా ఆ తీగే. నల్గొండ పల్లె నుంచి నాయనమ్మ తడిగుడ్డలో చుట్టి తెచ్చి నాటిందట. వానలు మొదలై గోడలు చెమ్మగిల్లి, మేము బురద కాళ్లతో గల్లీలో దాగుడుమూతలాడే రోజుల్లో ఆమె వేలెడు కాడ తెంపి, దంచి, మిరియాలేసి మరిగించి అందరికీ చిన్న గ్లాసుల్లో పోసేది. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సత్తుపిండి చేతిలో పెట్టి "ఇగ చాలు బిడ్డా" అనేది. మళ్లీ వానలొచ్చేదాకా తీగను ముట్టనిచ్చేది కాదు.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు మాత్రం ఆగలేదు. ఎటుచూసినా జ్వరాలు. పై వాటాలో ఉండే గుంటూరు ఆంటీ ఫోన్ చూపిస్తూ, "దీన్నిండా యాంటీ ఆక్సిడెంట్లేనంట మామ్మగారూ, ఎంత తాగితే అంత మంచిదంట. మీరేమో ఆపేస్తానంటారేంటండీ?" అంది. తన తీగకు అంత పెద్ద పేరుందని నాయనమ్మ మురిసిపోయింది. సత్తుపిండి తిన్నాక కూడా పొయ్యి మీది గిన్నె దిగలేదు. ఆటో నడిపే బాబాయి నీరసమన్నప్పుడల్లా అతని గ్లాసు పెద్దదయ్యేది.

"గింత చేదు తాగి ప్యాసింజర్లతోటి తియ్యగ ఎట్ల మాట్లాడాలె అమ్మా?" అని నవ్వుతూనే తాగేవాడు.

చలి ముదిరాక ఒక పొద్దున నన్ను బడికి తీసుకుపోతుంటే, ఆటో అద్దంలో బాబాయి కళ్లు తంగేడు పూల రంగులో కనిపించాయి. సాయంత్రానికి దవాఖానలో ఉన్నాడు.

"లివర్ ముందే దెబ్బతిని ఉంది, మీకు తెలియలేదు. తిప్పతీగ కషాయంతో అందరికీ ఇట్లా కాదు, ఇతనికి పడలేదు. ఇన్ని నెలలు ఎవరు తాగించారు?" అన్నాడు డాక్టర్.

"నేనే పోసిన సారూ," అంది నాయనమ్మ.

బాబాయి తిరిగి రాలేదు.

ఆమె తీగను మొదలంటా కోసేసింది. కొన్నాళ్లకు గోడ మీద మిగిలిన కొమ్మల నుంచి దారాల్లాంటి వేళ్లు మట్టి కోసం కిందికి దిగసాగాయి. ఆమె తెంపేది, అవి మళ్లీ దిగేవి. నేను ఆ గోడ వైపు ఆడుకోవడం మానేశాను.

ఇప్పుడు ఆ గోడ లేదు, అపార్ట్‌మెంట్ లేచింది. నాయనమ్మా లేదు. బండి మీద మాత్రం 'యాంటీ ఆక్సిడెంట్ రసం, ఏడాదంతా దొరుకును' అని రాసి ఉంది.

"ఇంకో గ్లాసు పొయ్యన్నా, జర పెద్దది," అన్నాడు ఇవాళ నా ముందు నిలబడినతను. బండివాడు పోశాడు. చాలు అనేవాళ్లు అక్కడెవరూ లేరు.