గేటు లోపలి సీమచింత

బండి మీద సీమచింతకాయలు కనబడితే చాలు, మాదాపూర్‌లో మేం కిరాయికున్న ఇంటి ఓనరమ్మ గుర్తొస్తుంది. తొంభైల చివరి మాట. ఆవిడకు గోరింకలంటే ఒళ్ళు మంట. కారణం ఒక సీమచింత చెట్టు. ఒకప్పుడది వాళ్ళ చెలక గట్టున ఉండేది. చెలక అమ్మేశారు. చుట్టూ గోడ లేచింది, లోపల అద్దాల ఆఫీసు లేచింది. నా ఉద్యోగం అందులోనే.

సీమచింతలో మనం తినేది నల్ల గింజ తొడుక్కున్న గులాబీ రంగు కండ. తినేవాళ్ళకు ఆశపెట్టి గింజను దూరం మోయించుకోవడానికే చెట్టుకు ఆ తంటా అంతా. గోరింకలు గోడ దాటి వచ్చి మా పెరట్లో ఒక్క గింజైనా పడేస్తాయేమోనని ఓనరమ్మ ఆశ. అవి పడేస్తేనా! "మంచిగ తిని యాడనో పారేస్తున్నయి, పాడు పిట్టలు!" అని తిట్టేది.

పార్కింగ్ కోసం ఆ చెట్టు కొట్టేస్తున్నారని నేనే చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

"దాని కొమ్మకే ఉయ్యాల గట్టి పిల్లల్ని సాదిన బిడ్డా. రెండు గింజలు దొరికితే పెరట్ల ఏసుకుంట. జర లోపటికి తీస్కపో."

మర్నాడు తీసుకెళ్ళాను. పుస్తెల పక్కన విజిటర్ బ్యాడ్జి వేలాడుతుంటే ఆవిడ దర్జా చూడాలి! కొంగు నిండా కాయలు కోసుకుంది.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపాడు. మా ఆఫీసు నుంచి పాత కీబోర్డు బయటికి పోవాలన్నా గేట్ పాస్ ఉండాలి. సీమచింతకాయలకు పాసు ఎవరు రాస్తారు? నేనెంత బతిమాలినా వినలేదు.

"నా నౌకరి పోతదమ్మా, పరేషాన్ జెయ్యకు."

"నా చెట్టు కాయలకు నీ పాసేంది బిడ్డా?"

"గిప్పుడు నీది కాదు గదమ్మా."

ఆవిడ గేటు పక్కనే కూలబడి, కొంగు విప్పి, కాయలన్నీ ఒలుచుకు తింది. తొక్కలు అతని బల్ల మీద పెట్టి, కొంగు దులిపి చూపించింది. అతను దారి వదిలాడు. దారిపొడవునా పలకరించినా ఉలుకూ పలుకూ లేదు. అలిగిందనుకున్నాను.

పెరట్లోకి వచ్చాక దోసిట్లోకి ఉమ్మింది. నిగనిగలాడే నల్ల గింజలు. బుగ్గల్లో దాచుకొచ్చింది! నేను పడీ పడీ నవ్వాను. ఆవిడా నవ్వబోయి, గింజల వంక చూస్తూ ఏడ్చేసింది.

"అంత చెలకల నుంచి గివ్వే తెచ్చుకున్న బిడ్డా."