చెల్లె ఆడిన ఫైనల్‌కు పాసులు

మా చెల్లెలు ఆడిన చివరి హాకీ మ్యాచ్ చూడటానికి పాసులు కావలసి వచ్చాయి. అంతకు ముందు ఆ ఆటకు పాసు అన్న మాటే మేం వినలేదు. మహారాష్ట్రలోని మా చంద్రపూర్‌లో అమ్మాయిల కాలేజీ హాకీ అంటే మైదానం పక్కన నాలుగు సైకిళ్లు, ఒక పల్లీల బండి, వాకింగ్‌కు వచ్చి కాసేపు ఆగి చూసే రిటైరైన పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. కూర్చోవడానికి చోటు మాత్రం ఉండేది కాదు, నిలబడే చూడాలి.

ఆ సంవత్సరం అలా జరగలేదు. కలర్ టీవీలు వాయిదాల మీద ఇళ్లలోకి వస్తున్న రోజులవి. ఊళ్లో టీవీలు అమ్మే ఒక పెద్ద దుకాణం వాళ్లు, కాలేజీల మధ్య జరిగే ఆ పోటీ ఖర్చంతా తామే పెట్టుకుంటామన్నారు. ఫైనల్ రోజున బహుమతులు ఇవ్వడానికి బొంబాయి నుంచి ఒక సినిమా నటి వస్తుందని గోడల నిండా పోస్టర్లు అంటించారు. పోస్టర్ నిండా ఆమె మొహమే. కింద మూలన అడ్డంగా రెండు హాకీ కర్రల బొమ్మ, అదీ దగ్గరికి వెళ్లి చూస్తేనే కనిపించేంత చిన్నది. ఊరు ఊరంతా ఆ ఆదివారం మీద పడింది. పాసు లేనిదే గేటు దాటనివ్వరని చెప్పారు.

నేనప్పుడు ఒక ఎస్టీడీ బూత్‌లో పని చేసేదాన్ని. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు అవతలి వాళ్లకు వినపడదని ఇవతలి వాళ్లు పెట్టే కేకలు, మధ్యలో లైను తెగితే నా మీద చిరాకులు. సాయంత్రానికి చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. మా బాపుది బొగ్గు బాయిలో పని. నేను పుట్టకముందే కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ కుదిరాడు. మూడు షిఫ్టులు మారి మారి ఆయనకు నిద్ర ఎప్పుడు వస్తుందో ఆయనకే తెలియకుండా పోయింది. అవ్వ, అంటే మా అమ్మ, ఆ నిద్రలకు కాపలా కాస్తూ, మాకు రొట్టెలు చేస్తూ, క్వార్టర్ దాటి ఎక్కువగా బయటికి వచ్చేది కాదు. పాతికేళ్లుగా ఇక్కడున్నా మరాఠీ అర్థమయ్యేది కాని మాట్లాడాలంటే నోరు తిరిగేది కాదు.

చెల్లెలు డిగ్రీ ఆఖరు సంవత్సరం. టీమ్‌లో ఫుల్‌బ్యాక్. మోకాళ్ల కింద ఎప్పుడూ కమిలిన మచ్చలే. మొదట్లో స్కర్టు వేసుకుని మగవాళ్ల మధ్య ఉరుకుతుందని అవ్వకు కోపంగా ఉండేది. తర్వాత కోపం పోయింది కాని తీరిక రాలేదు. మూడేళ్లలో ఒక్క ఆటా చూడలేదు. ఒక సాయంత్రం రొట్టెలు కాలుస్తున్న అవ్వ పక్కన కూర్చుని చెల్లెలే అడిగింది.

“అవ్వా, ఆదివారం ఫైనల్. గిదే ఆఖరు. పరీక్షలైనంక ఇంక ఎవలాడనిస్తరు నన్ను? ఒక్కసారన్న వచ్చి సూడరాదు.”

“మీ బాపు వస్తె నేనొస్త” అంది అవ్వ.

బాపు మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాం. “శనివారం రాత్రి డ్యూటీ పడ్డది. పొద్దుగాల దిగుత. అటెంక వస్త తియ్” అన్నాడు గోడవైపు తిరిగే.

ఆడే పిల్లలకు ఇంటివాళ్ల కోసం పాసులు ఇస్తామని కాలేజీలో చెప్పారట, ఇచ్చారు కూడా. రెండు రోజులు తిరగకముందే వెనక్కి తీసుకున్నారు. ఆ మాట చెల్లెలు బూట్ల లేసులు విప్పుకుంటూ చెప్పింది. “దుకాణపోల్ల సుట్టాలకే సరిపోతలెవ్వట అక్కా. సార్లు ఇంటింటికి పోయి వాపసడిగిన్రు.” కోపంగా కూడా అనలేదు. ప్రాక్టీసు నుంచి అప్పుడే వచ్చింది, గొంతులో శక్తి లేదు. రెండో బూటు లాగుతూ, “ఆడేటోల్లం మేమే గదనే” అంది.

“నేను తెస్త తియ్” అన్నాను. ఎక్కడి నుంచి తెస్తానో తెలియదు.

మర్నాడు బూత్ యజమానిని బతిమాలుకుని మధ్యాహ్నం బయటపడ్డాను. ముందు కాలేజీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే, పాసులు మా చేతిలో లేవు, దుకాణంలో అడగండి అన్నాడు. షేర్ ఆటోలో ఒక కాలు బయటే పెట్టుకుని బజారుకు వెళ్లాను. దుకాణం ముందు రేషన్ షాపు ముందు ఉన్నట్టు జనం. లోపల గోడ పొడుగునా పేర్చిన టీవీలన్నిటిలో ఒకటే బొమ్మ ఆడుతోంది. చాలాసేపటికి కౌంటర్ దాకా వెళ్లగలిగాను. టీవీ బుక్ చేసిన వాళ్లకే పాసులని చెప్పాడు అక్కడి మనిషి. మా చెల్లెలు ఫైనల్ ఆడుతోందని చెప్పాను. అతను నిజంగానే ఆశ్చర్యపోయి, “ఏం ఆడుతుంది?” అని అడిగాడు. హాకీ అన్నాను. “ఆఁ, అవును, అదే” అని నా వెనకున్న వాళ్ల వైపు తిరిగాడు.

మా వార్డు నాయకుడి దగ్గరికి కూడా వెళ్లాను. అక్కడైతే కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. ఆయన మా బాపును పేరుపెట్టి గుర్తు చేసుకున్నాడు, ఆడపిల్లలు ఆటల్లో పైకి రావాలన్నాడు. చివరికి, “గేటు దగ్గర నా పేరు చెప్పండి, చాలు” అన్నాడు. ఆ పేరు అక్కడ ఎన్ని వందలమంది చెబుతారో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా టీ పూర్తిగా తాగి, నమస్కారం పెట్టి వచ్చాను. తాగకపోతే లేచి నడిచే ఓపిక ఉండేది కాదు.

చివరికి పాసు దొరికింది బూత్‌లోనే. ప్రతి శనివారం నాగపూర్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేసుకోవడానికి వచ్చే ఒకావిడ ఉండేది. భర్త బ్యాంకు ఆఫీసరు. లైను దొరికేదాకా బెంచీ మీద కూర్చుని మాటల్లో పెట్టేది. నా మొహం చూసి ఏమైందని అడిగితే చెప్పాను. పర్సులోంచి ఒక పాసు తీసి నా ముందు పెట్టింది. జనంలోకి వెళ్తే వాళ్లాయనకు తలనొప్పట, రానన్నాడట. “ఒకటే ఉంది బేటా” అని నొచ్చుకుంది కూడా. నేను రెండు చేతులతో తీసుకున్నాను.

ఇంటికి తీసుకెళ్లి అవ్వ చేతిలో పెట్టాను. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి, దాని మీద ఉన్న నటి మొహాన్ని చూసి, “నేనొక్కదాన్నే బోయి గా జనంల ఏం జేత్త?” అంది. “ఎవలన్న ఏమన్న అడిగితె నాకు మాటొస్తదా? పోతె అందరం పోదాం, లేకుంటె లేదు.” ఎంత చెప్పినా వినలేదు. పాసు ఒకటి, మనుషులం ముగ్గురం. నాయకుడి పేరు ఎలాగూ ఉందిగా అనుకున్నాను.

ఆదివారం చెల్లెలు ముందే వెళ్లిపోయింది. బాపు డ్యూటీ దిగి వచ్చి స్నానం చేశాడు. ఎంత రుద్దినా కనురెప్పల అంచున బొగ్గు కాటుక పెట్టినట్టే ఉండిపోతుంది. కాసేపు పడుకొమ్మంటే, పడుకుంటే ఇక లేవలేనని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అవ్వ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది.

మైదానం చుట్టూ మనుషులు తప్ప నేల కనిపించలేదు. చెట్ల మీద, గోడ మీద, ఆగి ఉన్న లారీ మీద ఎక్కి ఉన్నారు. లోపల మైకులో సినిమా పాటలు. గేటు దగ్గర ఛాతీకి బ్యాడ్జీలు పెట్టుకున్న మనుషులు నిలబడ్డారు. “పాస్ దాఖవా, పాస్” అని ఒకటే అరుపు. మా పాసు చూపించాను. ఒకరు రండి, మిగతా ఇద్దరు పక్కకు జరగండి అన్నాడు వాళ్లలో ఒకాయన. నాయకుడి పేరు చెప్పాను. వినపడనట్టే చేతితో పక్కకు జరగమన్నాడు.

అవ్వ నా మోచెయ్యి పట్టుకుని లాగింది. “మా బిడ్డ ఆడుతుందని చెప్పవే ఆయనకు.”

చెప్పాను. ఆయన నవ్వాడు. పొద్దున్నించీ ఇలాంటివి ఎన్ని విన్నాడో. “ఈ రోజు అందరి పిల్లలూ ఆడుతున్నారు తాయీ” అన్నాడు మరాఠీలో. అంతలో వెనక నుంచి జనం తోశారు, పోలీసులు లాఠీలు అడ్డం పెట్టి మమ్మల్ని అందరితో పాటు గోడ దాకా నెట్టారు. అవ్వ చెప్పు ఒకటి ఊడిపోయి, దాన్ని వెతికి తేవడానికి బాపు వంగి మనుషుల కాళ్ల మధ్య పాకవలసి వచ్చింది.

గోడ వెంట కొంచెం దూరం వెళ్తే ఒక చిన్న కల్వర్టు ఉంది. అక్కడ కూర్చున్నాం. బాపు కూర్చోవడంతోనే గడ్డం ఛాతీకి ఆనింది. అవ్వ, నేను గోడవైపు చెవి పెట్టి విన్నాం. పాటల మధ్యలో ఈల, కర్రకు బంతి తగిలే చప్పుడు, ఎవరో అమ్మాయి అరుపు. ఒకసారి ఠప్‌మని చెక్క మీద గట్టిగా కొట్టినట్టు చప్పుడైంది, ఈల మోగింది, పది మంది చప్పట్లు కొట్టినట్టున్నారు. “ఏమైందే?” అంది అవ్వ. “ఏమో” అన్నాను. నిజంగానే తెలియదు. అవ్వ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడనే చూస్తూ కూర్చుంది. ఇంటికి పోదామనిపించింది కాని లేవాలన్నా ఓపిక లేదు.

చాలాసేపటికి రోడ్డు మీద హారన్లు, జనం ఒక్కసారిగా ఓ అని లేవడం. నటి కారు వచ్చింది. మాకు నల్లటి అద్దాలు, దాని వెంట ఉరికే మనుషులు తప్ప ఏమీ కనిపించలేదు. లోపల ఆట ఆగింది, సగం సమయం అయినట్టుంది. మైకులో ఆమె గొంతు రెండు ముక్కలు నమస్కారం, రెండు ముక్కలు హిందీ. ఆమెకు ఆ సాయంత్రమే ఇంకో ఊళ్లో ఏదో పని ఉందని తర్వాత తెలిసింది. చివరిదాకా ఉండి బహుమతులు ఇవ్వాల్సిన మనిషి చెయ్యి ఊపి వెళ్లిపోయింది. కారు వెనకాలే లోపలి జనమంతా గేట్లు విరిగేట్టు బయటికి వచ్చి ఉరికారు. బ్యాడ్జీలు పెట్టుకున్న వాళ్లు కూడా ఉరికారు.

దుమ్ము కాస్త కిందికి దిగాక చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు. బాపును లేపాను. ముగ్గురం మెల్లగా లోపలికి నడిచాం. పాసు ఇంకా నా చేతిలోనే ఉంది, చెమటకు మెత్తబడింది. అడిగేవాళ్లు లేరు.

లోపల కుర్చీలు పడిపోయి ఉన్నాయి. షామియానా కింద పెద్దమనుషుల కోసం వేసిన మెత్తటి సోఫాలు ఖాళీగా ఉన్నాయి. అవ్వ సందేహించింది కాని బాపు వెళ్లి ఒకదాంట్లో కూలబడ్డాడు, మేమూ కూర్చున్నాం. బాపుకు రెండు నిమిషాల్లో మళ్లీ నిద్ర పట్టింది. బోర్డు మీద ఒకటి, ఒకటి అని ఉంది. ఆట మళ్లీ మొదలైంది.

అవ్వకు ముందు చెల్లెలు ఎవరో తెలియలేదు. నేను చూపించాను. చెల్లెలు అప్పుడు చెయ్యెత్తి, గొంతు చించుకుని, తన ముందున్న అమ్మాయిలను మరాఠీలో తిడుతోంది. ఎడమకు జరుగు, నిద్రపోతున్నావా అంటోంది. ఇంట్లో అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. వాళ్లు జరుగుతున్నారు కూడా.

“గామె మన పిల్లనేనా?” అంది అవ్వ నెమ్మదిగా.

“మన పిల్లనే.”

ఎదుటి జట్టు అమ్మాయి కర్ర తగిలి చెల్లెలు కూలబడింది. అవ్వ సగం లేచింది. చెల్లెలు పిక్క ఒకసారి తుడుచుకుని, లేచి, మళ్లీ ఉరికింది. అవ్వ ఆ తర్వాత కూర్చోలేదు. నిలబడే చూసింది. ఏది తప్పో ఏది ఒప్పో తెలియకపోయినా బంతి చెల్లెలి దగ్గరికి వచ్చినప్పుడల్లా నా భుజం పట్టుకుని నొక్కింది. ఆట అయిపోవస్తుండగా గోలు గీత మీద బంతి చెల్లెలి కాలికి తగిలింది. అంపైర్ ఈల వేసి పెనాల్టీ ఇచ్చాడు. అవతలి అమ్మాయి గోల్‌కీపర్ ఎడమ పక్కగా కొట్టింది. ఓడిపోయాం.

బహుమతులు దుకాణం యజమానే ఇచ్చాడు, తొందర తొందరగా. చెల్లెలు మెడలో రెండో బహుమతి రిబ్బన్‌తో, ఒక కాలు ఈడ్చుకుంటూ వస్తూ సోఫాల్లో మమ్మల్ని చూసి ఆగిపోయింది.

“ఎప్పుడొచ్చిన్రు?”

“షురువైనప్పట్నించే ఉన్నం” అంది అవ్వ, నేను నోరు తెరవకముందే.

చెల్లెలి మొహం మీది అలసట అంతా ఒక్కసారి చెదిరిపోయింది. “మరి నా గోలు సూసినవా అవ్వా? ఫస్ట్ హాఫ్‌ల కొట్టిన గద!”

“సూసిన బిడ్డా.”

నేను బాపును లేపడానికి అటు తిరిగాను.

బయట ఒక్క ఆటో లేదు, అన్నీ ఆ కారు వెంటే పోయాయి. నడక మొదలుపెట్టాం. చెల్లెలి సంచి నేను పట్టుకున్నాను, కర్ర బాపు పట్టుకున్నాడు. కొంత దూరం వెళ్లాం. అప్పుడు అవ్వ అంది: “మీ బాపు నిద్రవోయిండు బిడ్డా. గా గోలు ఎట్ల గొట్టినవో ఆయనకు జెప్పు, ఇంటడు.”

“ఆ, చెప్పు” అన్నాడు బాపు.

చెల్లెలికి మాట్లాడే శక్తి లేదు, అయినా చెప్పింది. కార్నర్ దొరికిందట. ఒక పిల్ల గీత మీది నుంచి బంతిని నూకిందట, ఇంకో పిల్ల ఆపిందట, తను ఉరికొచ్చి కొట్టిందట. “గోల్‌కీపర్ కాళ్ల సందుల కెల్లి వోయి ఎనుక చెక్కకు తాకింది బాపూ. ఠప్పుమన్నది. నీకు గూడ ఇనొచ్చింది గద అవ్వా?”

“ఇనొచ్చింది” అంది అవ్వ. “మంచిగ ఇనొచ్చింది.” “మల్ల?” అని అడిగింది.

“మల్లేముంది, మల్ల ఎనుకకు ఉర్కినం” అంది చెల్లెలు. పవర్‌హౌస్ పొగ గొట్టాల మీద ఎర్ర దీపాలు వెలిగాయి. బాపుకు మర్నాడు మొదటి షిఫ్టు. ఇల్లు ఇంకా చాలా దూరం ఉంది.