వెయ్యకూడని లైటు

నా చిన్నప్పుడు నేను నిమిషం కుదురుగా కూర్చుంటే, జ్వరమేమోనని మా అమ్మ నుదురు పట్టి చూసేది. అలాంటి దాన్ని, చిలకలూరిపేట దగ్గర మా ఊళ్ళో పక్కింటి అక్క పెళ్ళికి వీడియో లైటు నేనే పట్టుకుంటానని మా బాబాయి ప్రాణం తీశాను. ఇళ్ళల్లోకి కేబుల్ టీవీ అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వీడియో తీసేది ఆయనే.

ముందురోజే అక్క ఆయన్ని పక్కకు పిలిచింది. "బాబాయ్, తాళి కట్టేది తియ్యకపోయినా పర్లేదు. క్యాసెట్లో మా అమ్మ ఉండాల" అంది. వాళ్ళ నాన్న పోయి రెండేళ్ళు. భర్త లేని మనిషి ముహూర్తానికి పందిట్లోకి రాకూడదని పెద్దవాళ్ళు ఆమెను లోపలే ఉంచేశారు. కన్నది ఆమేనన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. పైగా, కెమెరా కనిపిస్తే చాలు, ఆమె మొహానికి కొంగు అడ్డం పెట్టుకునేది.

ముహూర్తం వేళకు తాళి సంగతి ఫోటోలాయనకు వదిలేసి, బాబాయి నన్ను మిరపకాయల బస్తాల గదిలోకి తీసుకెళ్ళాడు. అక్క వాళ్ళమ్మ, నేను పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, అక్కడ కిటికీలోంచి పందిట్లోకి చూస్తోంది. బాబాయి ఒక బస్తా మీద కెమెరా ఆన్ చేసి పెట్టి, పక్కనే చతికిలబడ్డాడు. ఘాటుకు నా ముక్కు మండిపోతోంది. కాలు నిలవడం లేదు.

"బాబాయ్, పెళ్ళయిపోతోంది!"

"ఉండవే. వదిన మనల్ని మర్చిపోవాల. నే చెప్పిందాకా లైటు వెయ్యమాక."

నిజంగానే మర్చిపోయింది. గట్టిమేళం మోగగానే పెద్దమ్మ గుప్పిట విప్పింది. ఎప్పటినుంచి పట్టుకుందో, అక్షింతలు చెమటకు అరచేతికి అంటుకుపోయాయి. వాటిని కూతురి వైపు వేయడానికి చెయ్యెత్తింది. మసక వెలుతురులో మొహం పడదేమోనని నా తొందర నాది. చటుక్కున లైటు వేశాను.

ఆమె ఉలిక్కిపడి, కొంగు కప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. బాబాయి కెమెరా ఆపి, నా చేతిలోంచి లైటు తీసుకున్నాడు. తిట్టినా బాగుండేది.

క్యాసెట్ వచ్చాక అక్క మా ఇంట్లోనే చూసింది. విప్పిన గుప్పిట, ఎత్తిన చెయ్యి, కళ్ళు చెదిరే వెలుగు, కొంగు. అంతే. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. మళ్ళీ తిప్పింది. "ఇంకొంచెం ఉంటే బాగుండేది కదే" అంది నాతో. లైటు వేసింది నేనని బాబాయి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు నేను సినిమాలు తీస్తున్నాను. కొత్త దర్శకులు వచ్చి ఏ లెన్సు, ఏ లైటు అని అడుగుతారు. అవి ఎవరైనా నేర్పుతారు. బాబాయి నేర్పబోయిన ఓపిక మాత్రం నాకింకా రాలేదు. నటి కళ్ళల్లో ఏదో మొదలవుతుంటే, కట్ చెప్పేయాలని నాలుక దురద పెడుతుంది. యూనిట్టంతా నా వైపే చూస్తుంటారు. నేను పళ్ళు బిగించి, ఇంకొంచెం, ఇంకొంచెం అని నన్ను నేనే బతిమాలుకుంటుంటాను.