తొణకని ట్రే

మా మేనత్త మూడంతస్తుల ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా కాఫీలు అందిస్తోంది. పదహారు కప్పుల ట్రే కుడి అరచేతి మీద పెట్టుకుని మెట్లెక్కితే సాసర్‌లో చుక్క పడేది కాదు. వింతేమిటంటే, అడుగడుక్కీ ఆవిడ ఒళ్లు కుడివైపుకి ఒరిగిపోయేది. కొత్తగా చేరినవాళ్లు ఆవిడ వస్తుంటే ఫైళ్లు ఎత్తి గుండెలకి హత్తుకునేవాళ్లు. నిండుకుండ తొణకదంటారు గానీ, ఊగుతూ నడిచే నిండుకుండని చూసింది మా ఆఫీసువాళ్లే.

నేనూ అక్కడే టైపిస్టుని కనక, ఆవిడని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లే భాగ్యం నాకే దక్కింది. కుడికాలు మోపలేనంత నొప్పి వచ్చేదాకా కదిలితేనా! మొండితనంలో మా వంశానికి ఆవిడే పెద్దదిక్కు.

డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. "తొడ ఎముక చివర బంతిలా ఉంటుందమ్మా. అది లోతైన గిన్నెలో తిరగాలి. మీకు పుట్టుకతోనే గిన్నె బదులు సాసర్ ఉంది. పట్టు చాలక, కుడికాలి మీద అడుగేసినప్పుడల్లా నడుం ఎడమవైపుకి జారుతుంది. పడిపోకుండా ఒళ్లు కుడివైపుకి వాలుతుంది. బరువంతా అంచు మీదే పడి కీలు అరిగిపోయింది."

"అంటే ఇన్నేళ్లూ సాసర్ మీద నడిచానా?" అంది అత్త, బహుమతి వచ్చినట్టు.

ఆపరేషన్ చేసి తుంటి కీలు మార్చారు. నాలుగు నెలలకి అత్త గీత గీసినట్టు నడిచింది. మళ్లీ పనిలో చేరిన రోజు, సూపరింటెండెంట్ బల్ల దాకా చక్కగా వెళ్లి, నాలుగు కాఫీలు ఆయన ఫైలు మీద పోసింది.

ఒళ్లు ఒరగడం మానేసింది గానీ, ఆ ఒరుగుకి ట్రేని సరిచెయ్యడం చెయ్యి మానలేదు. కుడికాలు పడగానే అలవాటుగా ట్రేని రెండు వేళ్ల ఎత్తు పైకి లేపేస్తోంది.

"రేపొక్కరోజు చూద్దామమ్మా. కుదరకపోతే కింద కప్పులు కడుగుదురు గాని," అన్నాడాయన చొక్కా తుడుచుకుంటూ.

అత్త మొహం పాలిపోయింది. ఎవరికెవరితో మాటల్లేవో, ఎవరి సంబంధం తప్పిందో మూడంతస్తుల్లో ముందుగా తెలిసేది ఆవిడకే. కింద కుళాయి దగ్గర ఏం తెలుస్తుంది? నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం అత్తవాళ్లింట్లో ట్రే నిండా నీళ్ల గ్లాసులతో సాధన మొదలైంది. హాలంతా మడుగు.

"నా తుంటి కూడా మార్పించేదాకా ఊరుకునేలా లేవు," అన్నాడు మామయ్య, గోడ పట్టుకుని జారుతూ.

ఆయన మీద విరుచుకుపడాలంటే అత్తకి కుడిచెయ్యి ఖాళీ ఉండాలి. ట్రే ఎడమచేతికి మార్చి, వేలు చూపిస్తూ వంటింటి దాకా తరిమింది. తిట్టుకుంటూనే తిరిగొచ్చింది.

"అత్తా, ట్రే చూడు!" అన్నాను.

చుక్క ఒలకలేదు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఎప్పుడూ ట్రే మొయ్యలేదు మరి.

మర్నాడు అత్త గదిలోకి రాగానే సూపరింటెండెంట్ ఫైలు గుండెలకి హత్తుకున్నాడు.

"దించండి సార్. ఈ చేతికి నా పాత నడక తెలీదు," అంది అత్త, కప్పు పెడుతూ.

ఆయన ట్రేలోకి చూశాడు. "ఎనిమిదే తెచ్చారేం?"

"ఎడమచెయ్యి కదా, అంతకన్నా మొయ్యదు. ఇకనించీ రెండుసార్లు తిరుగుతా." అత్త గొంతు తగ్గించింది. "ఇంతకీ పైఅంతస్తులో సంగతి తెలిసిందా సార్?"