అల్బరాసిన్ కోటగోడ

చిన్నక్కది జమ్మలమడుగు పక్క పల్లె. కువైట్‌లోని అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో ఏళ్లుగా పనిచేస్తోంది. ఇల్లాలిని అరబీలో మామా, అంటే అమ్మా అనీ, ఆమె అత్తగారిని మామా కబీరా, అంటే పెద్ద అమ్మా అనీ పిలిచేది. ముసలావిడకు మోకాళ్లు పట్టేశాక స్నానం, మందులు, నడక అన్నీ చిన్నక్క చేతిమీదే.

నిరుడు వేసవిలో ఆ కుటుంబం స్పెయిన్ వెళ్తూ ఆమెనూ తీసుకెళ్లింది. సముద్రతీరం చూశాక, ముసలావిడ కోరిక మీద తెరుయెల్ అనే మారుమూల ప్రాంతానికి వెళ్లారు. ఎంత దూరం పోయినా పైన్ చెట్లు, ఎర్ర కొండలు తప్ప మనిషి జాడ లేదు. ఆ కొండల్లో అల్బరాసిన్ అనే ఊరు. కింద లోయలో ఏరు ఊరిని చుట్టుకుని పారుతోంది. ఎర్రమట్టి రంగు ఇళ్లు, ఎదురెదురు ఇళ్ల చూరులు తాకేంత ఇరుకు సందులు. వెనక కొండ శిఖరం దాకా పాకిన కోటగోడ. చిన్నక్కకు గండికోట గుర్తొచ్చింది.

వెయ్యేళ్ల కింద ఈ ఊరిని బనూ రజీన్ అనే ముస్లిం వంశం ఏలిందనీ, ఊరి పేరు వాళ్లదేననీ గైడ్ చెప్పాడు. ఏటి పేరు గ్వాదలవియార్ అనగానే ముసలావిడ మొహం విప్పారింది. అది అరబీ మాటేనట, తెల్ల ఏరని అర్థమట. ఆ గోడ దగ్గర నిలబడి ఏటిని చూడాలంది. మామా ఒప్పుకోలేదు. పైకి తీసుకెళ్లొద్దని చిన్నక్కకు గట్టిగా చెప్పింది.

మర్నాడు అందరూ షాపులకు వెళ్లారు. ముసలావిడ చెప్పులు తొడుక్కుని కూర్చుంది.

"మనిద్దరమే పోదాం. ఎవరికీ చెప్పను."

రేపు చూద్దామంది చిన్నక్క. ముసలావిడ మళ్లీ అడగలేదు. చెప్పులు విప్పేసి కిటికీ వైపు తిరిగింది. తెల్లారి సామాన్లు సర్దుకుని బయల్దేరిపోయారు.

చలికాలంలో ముసలావిడ కన్నుమూసింది. పరామర్శలు ముగిశాక, మామా ఫోన్లో ఆ ఊరి ఫొటోలు చూస్తూ చాలాసేపు ఏడ్చింది.

"నేను వద్దన్నా నువ్వు తీసుకెళ్లాల్సింది చిన్నా. నేనేమీ అనేదాన్ని కాదు."

ఆ శుక్రవారం, కువైట్‌లోనే షుఐబాలో పనిచేసే భర్త సిద్ధయ్య కలిసినప్పుడు చిన్నక్క అంతా చెప్పుకుంది.

"నువ్వేం జేస్తావు? జారి పడింటే ఎవురు జవాబు జెప్పేది?" అన్నాడతను.

చిన్నక్క తల అడ్డంగా ఊపింది.

"పడతాదని కాదు నేను వద్దనింది. మామాకు తెలిస్తే నా పని పోతాదని."

సిద్ధయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.